నేను ఓకే చేసిన షాఫ్టులు

నాచారం పారిశ్రామిక వాడలో నా మొదటి ఉద్యోగం. డిప్లొమా పూర్తి చేసి, జనగామ వైపు నుంచి వచ్చి, ఉప్పల్‌లో ఒక లేడీస్ హాస్టల్లో ఉంటూ ఇన్‌స్పెక్టర్‌గా చేరాను. ఇన్‌స్పెక్టర్ అంటే పెద్ద హోదా ఏమీ కాదు. పంపుల్లో తిరిగే ఇనుప కడ్డీలు, అంటే షాఫ్టులు, వాటిని చెక్కే లేత్ మిషన్ మీద నుంచి దిగగానే కొలవాలి, డ్రాయింగ్‌లో చెప్పిన కొలత ఉంటే ఓకే ట్రేలో, లేకపోతే ఎర్ర ట్రేలో వేయాలి. పదిమంది మగవాళ్ళ మధ్య నేనొక్కదాన్నే ఆడపిల్లను. ఎర్ర ట్రేలో ఏది వేసినా ఎవరో ఒకరికి ముఖం మాడిపోయేది.

నాకు పని నేర్పిన మనిషి అక్కడ లేత్ మీద పనిచేసేవాడు. వయసులో అందరికన్నా పెద్ద. అందరూ మామ అనేవాళ్ళు, నేనూ అదే అన్నాను. మొదటి వారమే ఆయన చేతిలో నా పరువు పోయింది. మందం కొలిచే మైక్రోమీటర్ పట్టుకోవడం నాకంటే బాగా ఎవరికీ రాదని మిడిసిపడుతున్న రోజులు. ఆయన తీసిన షాఫ్టు కొలిచి రిజిస్టర్‌లో అంకె రాశాను. డ్రాయింగ్‌లో ఏముందో అచ్చంగా అదే. ఆయన వచ్చి, డ్రాయింగ్‌ను బోర్లా తిప్పి, మళ్ళీ కొలవమన్నాడు. ఈసారి వేరే అంకె వచ్చింది.

"డ్రాయింగ్ సూసుకుంట కొలుస్తున్నవ్ బిడ్డా," అన్నాడు. "ముందుగాల కొలువు. ఎంతొస్తె గంత రాయి. గప్పుడు డ్రాయింగ్ సూడు. లేకుంటె నీ కన్ను నీకు గావాల్సిందే సూపిస్తది."

ఆ రోజు హాస్టల్‌కు వెళ్ళి ఏడ్చాను కూడా. కానీ మర్నాటి నుంచి డ్రాయింగ్ బోర్లా పెట్టే కొలిచాను. మిషన్ మీద నుంచి దిగిన ముక్క వేడిగా ఉంటే చల్లారేదాకా ఆగడం, ఒక్కచోట కాకుండా మూడుచోట్ల కొలవడం, కోపం వచ్చినప్పుడు అసలు కొలవకపోవడం, అన్నీ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఒకసారి సూపర్‌వైజర్ తమ్ముడు తీసిన ఒక పెట్టె మొత్తం వాపస్ చేశాను. సూపర్‌వైజర్ నా టేబుల్ ముందు నిలబడి అరుస్తుంటే, మామ తన మిషన్ ఆపి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. ఊరికే నిలబడ్డాడు, అవతలి మనిషి గొంతు తగ్గేదాకా. ఆయనంటే నాకెంత ఇష్టమో చెబితే మా నాన్న చిన్నబుచ్చుకుంటాడు.

ఆయన షాఫ్టులు కూడా నేను వాపస్ చేసిన రోజులున్నాయి. ఎప్పుడో ఏడాదికి ఒకటి. నవ్వుతూ తీసుకుపోయేవాడు.

నేను పనిలో చేరిన ఎనిమిదో ఏట అనుకుంటాను, ఒక మధ్యాహ్నం ఆయన షాఫ్టు వెంట్రుకవాసి సన్నగా వచ్చింది. మూడుచోట్లా కొలిచాను, మూడుచోట్లా తక్కువే. మామూలుగా అయితే రెండో ఆలోచన లేకుండా ఎర్ర ట్రేలో పడేది. కానీ ఆ వారమే ఓనర్ కంప్యూటర్ మిషన్లు తెప్పిస్తున్నానని, పాతవాళ్ళలో కొందరిని తగ్గిస్తానని చెప్పి ఉన్నాడు. ఎవరి ముక్కలు ఎర్ర ట్రేలో ఎక్కువ పడితే వాళ్ళ పేరే ముందు. ఎర్ర ట్రేలో వేయడానికి మనసు రాలేదు. డ్రాయింగ్ తిరగేసి, అందులో ఉన్న అంకె చూసి, అదే రిజిస్టర్‌లో రాశాను. షాఫ్టును ఓకే ట్రేలో పెట్టాను.

ఆయన రుణం తీర్చుకుంటున్నాననుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఒకటితో ఆగలేదు. నెలలు గడిచేకొద్దీ ఇంకా వచ్చాయి, నేను ఇంకా రాశాను. ఆయన ముక్కను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, ముఖానికి ఆనించినంత దగ్గరగా పెట్టుకుని చూసేవాడు. చూశాను. చూడనట్టు ఉన్నాను.

ఒక రోజు పంపుల కంపెనీ నుంచి మేము పంపిన షాఫ్టుల లాటు మొత్తం వెనక్కి వచ్చింది. షాఫ్టు సన్నగా ఉండి బేరింగ్ వదులవుతోందట. ఓనర్ పెట్టెలు నేల మీద పెట్టించి అందరినీ పిలిచాడు. అన్నీ మామ తీసినవే. మామ నా రిజిస్టర్ చేతిలోకి తీసుకుని ముఖం దాకా లేపాడు, మళ్ళీ దించాడు.

"నువ్వే సదువు బిడ్డా," అన్నాడు.

చదివాను.

"ఇప్పుడు కొలువు."

కొలిచాను. వచ్చిన అంకె పైకి చెప్పాను. ఇంకోటి కొలవమన్నాడు. నాలుగు కొలిచాక ఇక చాలన్నాడు. నా తల కొట్టేసినట్టయింది. ఆయన నన్ను తిడతాడని ఎదురుచూశాను, తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"ఐదారు నెలలసంది మసక మసకగ ఉంటున్నది," అన్నాడు మెల్లగా, నాకొక్కదానికే చెబుతున్నట్టు. "మా ఇంటామె దవాఖానకు పోదామంటనే ఉన్నది. నా పని ఒక్కటి సుత వాపస్ వస్తలేదు, నా కండ్లకేమైందే అని ఆమెతోని అన్న."

చేతులు తుడుచుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ పనిలోకి రాలేదు. నన్ను మాటలన్నారు గానీ తీసేయలేదు.

పది రోజులకు ధైర్యం చేసి రామంతాపూర్‌లో వాళ్ళింటికి వెళ్ళాను. తలుపు తీసింది ఆయన భార్య. నేను అత్తమ్మ అంటాను. నేను చేసింది ఆమెకు తెలియదు, ఆయన చెప్పలేదు. "మంచిగొచ్చినవ్ బిడ్డా, డాక్టర్లు జెప్పేది నాకు సమజ్ గాదు, రేపు కండ్ల దవాఖానకు నువ్వు తోల్కపో," అంది. నాకు చాయ్ పెట్టింది. సరేనన్నాను.

మర్నాడు సెలవు పెట్టి తీసుకెళ్ళాను. కంట్లో చుక్కలు వేసి ఆయన్ని బెంచీ మీద కూర్చోబెట్టారు. డాక్టర్ నన్ను లోపలికి పిలిచాడు. షుగర్ కంటి వెనక పొరను తినేసిందట. పోయిన చూపు రాదట, మిగిలింది నిలిస్తే గొప్పట. ఆరు నెలల ముందు వచ్చి ఉంటే ఆపగలిగేవాళ్ళమన్నాడు. ఇంట్లో నెమ్మదిగా చెప్పమన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు ఆటో ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. మామ నల్ల అద్దాలు పెట్టుకుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏమన్నడు?" అన్నాడు.

మందులు వాడితే మెల్లమెల్లగా వస్తుందన్నాడు మామా. ఈ మాట నా నాలుక మీద సిద్ధంగా ఉంది. అంత తేలిగ్గా ఎలా వచ్చిందో తలచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది. ఆయన ముఖం నావైపు తిరిగి ఉంది, నమ్మడానికి తయారుగా.

"రాదన్నడు మామా," అన్నాను. "పోయింది మల్ల రాదట. ఉన్నదన్న నిలవెడ్తమంటున్నడు." ఆపేయొచ్చు. ఆపలేదు. "ఆర్నెల్ల ముందుగాల వస్తె ఆగుతుండెనట. నా వల్లనే మామా."

ఆయన ముఖం రోడ్డు వైపు తిప్పుకున్నాడు. ఆటో రామంతాపూర్ గల్లీలోకి తిరిగింది. నేను ఏడుస్తూనే ఉన్నాను. నా చేతికి పని ఇచ్చింది, నలుగురిలో తలెత్తుకుని నిలబడనిచ్చింది ఈ మనిషే. నీ వల్లనే మామా అని ఒక్కసారి చెప్పాలని ఎన్నేళ్ళుగానో అనుకున్నాను. ఆ మాట ఇలా తిరగబడి నోట్లోంచి వచ్చింది.

ఇంటి ముందు ఆటో ఆగాక చెయ్యి పట్టుకుని దింపాను.

"గీ ముక్క గప్పుడే జెప్తె అయిపోతుండె గద బిడ్డా," అన్నాడు. గొంతులో కోపం లేదు. అది నేను ఈ రోజుకూ తట్టుకోలేకపోతున్నాను.

లోపల అత్తమ్మ గొళ్ళెం తీస్తున్న చప్పుడైంది. ఆయన అటు నడవబోయాడు.

"ముంగట మెట్టున్నది మామా," అన్నాను.

ఆయన తడుముకోలేదు. నా మాట మీదే కాలు పైకెత్తాడు.