విలుకాణ్ణి చావనివ్వని రోజు

మొన్న మాదాపూర్‌లో వాన పట్టుకుంటే ఒక కాఫీ షాపులోకి దూరాను. పక్క బల్ల దగ్గర నలుగురు కుర్రవాళ్లు ఇరవై ముఖాల పాచిక దొర్లిస్తూ, మాంత్రికుడూ రాక్షసుడూ అంటూ కేకలు పెడుతుంటే, నా కాఫీ చల్లారిపోయేదాకా వాళ్లనే చూస్తూ కూర్చున్నాను.

మీలో చాలామంది ఆ వయసులో ఆదివారాలు క్రికెట్‌తోనో సినిమాలతోనో గడిపి ఉంటారు. మాకు మాత్రం మణికొండ అద్దె ఫ్లాటులో నేల మీద పరిచిన దుప్పటే లోకం. ఒకడు కథ నడుపుతాడు, మిగతావాళ్లు అందులో వీరులూ మాంత్రికులూ అవుతారు, ఏ దెబ్బ తగిలిందో ఏది తప్పిందో పాచికా, దిండంత లావు నియమాల పుస్తకమూ తేలుస్తాయి. కథ నడిపేవాణ్ణి నేను, ఒంగోలు వాణ్ణి. మా నెల్లూరు రూమ్మేటుకు ఆ పుస్తకంలో ఎన్ని మంత్రాలుంటే అంత సంబరం. కర్నూలు మిత్రుడికి ఎంత బక్క వీరుడైనా ఒక్క పాచికతో రాక్షసుణ్ణి పడగొట్టవచ్చన్న ఆశే ముద్దు. మాలో తెలంగాణవాడు వరంగల్ తమ్ముడొక్కడే, నాకంటే చిన్నవాడు. ఆఫీసులో మేనేజరు మనసును బట్టి మారే పద్ధతులతో విసిగిపోయి వచ్చి, "ఈడ మాత్రం నీకైనా నాకైనా ఒక్కటే రూల్ అన్నా" అని మురిసిపోయేవాడు.

తెలంగాణ ఉద్యమం ఊపందుకున్న రోజులవి. ఒక బంద్ నాడు బస్సుల్లేక, ఆఫీసు లేక, పొద్దున్నే ఆట పెట్టుకున్నాం. టిఫిన్ల దగ్గరే నెల్లూరువాడు ఈ బంద్‌లతో పనులు పాడవుతున్నాయని నోరు జారాడు. వరంగల్ తమ్ముడు సగం తిన్న ప్లేటు పక్కన పెట్టేసి వెళ్లి దుప్పటి పరిచాడు. ఆ కోపం చల్లారకుండానే ఆటకు కూర్చున్నాం. అతను ఏళ్ల తరబడి ముద్దుగా పెంచుకున్న విలుకాడికి రాక్షసుడు ఎదురయ్యాడు. రాక్షసుడి పాచిక కథ నడిపే నేనే, వాళ్లకు కనపడకుండా అడ్డం పెట్టుకున్న అట్ట వెనక వేయాలి. వేస్తే ఇరవై పడింది, పుస్తకం ప్రకారం విలుకాడు చచ్చినట్టే. ఆంధ్రావాళ్లం ముగ్గురం చుట్టూ కూర్చుని, అందులోనూ ఈ రోజు, అతని వీరుణ్ణి చంపడమా అని నాకు మనసొప్పక, దెబ్బ తప్పిపోయిందని చెప్పేశాను. మంచినీళ్ల సీసా కోసం లేచిన అతను అట్ట మీదుగా పాచికను చూడనే చూశాడు.

గట్టిగా అరిచి ఉంటే బాగుండేది. "ఏందన్నా గిది? సచ్చేదుంటే సావనియ్యి. నా మీద జాలి జూపమని అడిగిన్నా?" అన్నాడు మెల్లగా. "రూలని చెప్పుడు, మల్ల మార్చుడు. ఈడ గూడ అదేనా?"

మళ్లీ వేస్తానని బతిమాలాను, వద్దన్నాడు. తర్వాతి ఆదివారం పనుందన్నాడు. ఆపై ఆదివారాలన్నీ అతనికి పనే. మంచే చేశాననుకున్నాను గాని, అతను నమ్ముకున్న ఒక్క చోటును నా చేతులతోనే పాడుచేశాను. ఇన్నేళ్లయినా ఆ సిగ్గు నన్ను వదల్లేదు.

రాష్ట్రం వచ్చింది, మేమంతా ఇక్కడే ఇళ్లు కట్టుకుని పిల్లల్ని పెంచుకున్నాం. ఆమధ్య ఒక పెళ్లిలో అతను కనిపిస్తే, మళ్లీ ఒకసారి ఆడదామా అని అడిగాను.

"ఇగ ఏం ఆడుదమన్నా, నువ్వు నన్ను ఓడనియ్యవు గద" అని నవ్వాడు.

ఒకప్పుడు చిన్న నియమం మీద గంటలకొద్దీ అరుచుకుని, వెంటనే ఒకే పళ్లెంలో బిర్యానీ తినేవాళ్లం. ఇప్పుడు కలిస్తే ఒకరినొకరం ఎక్కడా నొప్పించకుండా, ఎంతో జాగ్రత్తగా మాట్లాడుకుంటాం. ఆ జాగ్రత్త నేర్పింది నేనే.