బూడిద రంగు వద్దన్న స్టీరింగక్క

కాళ్ళు రెండూ పడిపోయినా కయ్యానికి కాలు దువ్వడం మాత్రం మానలేదని స్టీరింగక్క గురించి ఆ వీధిలో చెప్పుకునేవారు. ఎదురుగా అన్నా ఆమె నవ్వేసేది. సగం జీవితం సిటీ బస్సు నడిపిన మనిషి. స్టాపులో ఆగి ఉన్న బస్సును వెనకనుంచి లారీ గుద్దిన రోజున ఆమె నడుము దెబ్బతింది. అప్పటినుంచీ చక్రాల కుర్చీయే బండి. పెళ్ళి మాట ఎత్తితే ఏనాడూ ఊరుకోలేదు కాబట్టి ఇంట్లో ఉన్నది తనూ, చెల్లెలూ, చెల్లెలి మొగుడూ.

వంటగది తలుపు తీస్తే పెరడు. పెరట్లో ఆమె పెంచిన నిమ్మచెట్టు, గోడ వెంట మందారాలు. మధ్యలో అడ్డం రెండే రెండు మెట్లు. పెరట్లోకి పోవాలంటే చెల్లెలు ఒక పక్కా, మరిది ఒక పక్కా పట్టుకుని కుర్చీతో సహా ఎత్తి దించాలి. ఒకనాడు అలా దించుతుండగా మరిది నడుం పట్టేసింది. "అబ్బా" అంటూ అక్కడే కూలబడ్డాడు. మర్నాటినుంచి స్టీరింగక్క "నన్ను దించండి" అని అడగలేదు. తలుపు దగ్గరే కూర్చుని మందారాలు రాలడం చూసేది.

కొన్నాళ్ళకు అన్నం తింటూ తింటూ ఉన్నట్టుండి అంది. "గడపతో సమానంగా పెరట్లో చెక్క అరుగు వేయిస్తున్నాను. ఆ చివర్న వాలుదారి. ఇక నన్నెవరూ బస్తాలా మోయక్కర్లేదు."

"చెక్క అయితే ఏడాదికోసారి పాలిష్ పెట్టించాలి వదినగారూ, లేకపోతే పెచ్చులు లేస్తుంది," అన్నాడు మరిది.

"అందుకే అసలు చెక్క కాదు, చెక్కలా కనబడే కాంపోజిట్ వేయిస్తా. ఏటేటా పాలిష్ పెట్టమని ఒకళ్ళను బతిమాలే ఓపిక నాకు లేదు."

పలకలమ్మే దుకాణానికి ఆటోలో వెళ్ళింది. రంపపు పొట్టూ ప్లాస్టిక్కూ కలిపి చేసిన పలకలు రకరకాల రంగుల్లో గోడకు ఆనించి ఉన్నాయి. వాటిలో ఒకటి నిగనిగలాడే ఇటుక ఎరుపు. చూడగానే మనసు పారేసుకుంది. ఎండకు రంగు పోదు కదా అంటే "పోనే పోదమ్మా" అన్నాడు దుకాణదారు.

"నడిపి చూడకుండా బండి కొంటామా? ముక్కలివ్వు," అని రకానికొక ముక్క ఒళ్ళో వేసుకుని వచ్చింది.

ఆ ముక్కలను డాబా పిట్టగోడ మీద వరసగా పెట్టించి, ఒక్కోదానికి సగం మేర పాత రబ్బరు చాప కప్పించింది. వేసవి మొదలైంది. మరిదికి అది రోజువారీ వేడుక. "చెక్కలు చిగురించాయా వదినగారూ?" అని అడిగేవాడు. "కాయలు కాశాక నీకే మొదట పెడతాలే," అనేది ఆమె.

వేసవి చివర్లో ముక్కలు కిందికి దించారు. చాప తీసి చూస్తే ఆమె ముచ్చటపడ్డ ఎరుపు సగం ఎరుపుగానే ఉంది, రెండో సగం ఉతికి ఉతికి వెలిసిన గుడ్డలా ఉంది. స్టీరింగక్క ముఖం చిన్నబోయింది. బూడిద రంగు ముక్క మాత్రం రెండు పక్కలా దాదాపు ఒకేలా కనబడింది.

మరిదికి ఇంతకంటే ఏం కావాలి! "చూశారా? బూడిద రంగు తీసుకుందాం. వెలిసినా తెలీదు."

"వెలిసినా తెలీదంటే ముందే వెలిసిందనే కదా అబ్బాయ్ అర్థం! నాకొద్దు."

ఇంకో ముక్క మిగిలి ఉంది. అదీ ఎరుపే, కాస్త ముదురు. దానికి ఎండ సోకకుండా నాలుగు వైపులా గట్టి ప్లాస్టిక్ తొడుగు ఉంది. ఎండ తగిలిన సగాన్నీ తగలని సగాన్నీ ఆమె చాలాసేపు మార్చి మార్చి చూసింది. ఒక పిసరు తేడా, అంతే. "ఇదే," అంది. ముదురు రంగు ఎండకు కాలుతుందని చెల్లెలు గొణిగితే "చెప్పులేసుకో," అంది.

ఆర్డరు ఇచ్చి రమ్మని మరిదిని పంపింది. అతను వెళ్ళి వచ్చాడు గానీ, ఎందుకో ఆమె కళ్ళల్లోకి చూడలేదు. వారం తిరక్కుండా వ్యాను వచ్చి గేటు ముందు ఆగింది. తెరిచిన తలుపుల్లోంచి కనబడ్డవన్నీ బూడిద రంగు పలకలే.

స్టీరింగక్క చక్రాలు తిప్పుకుంటూ పోయి గేటుకు సరిగ్గా నడిమధ్య కుర్చీ ఆపి బ్రేకు వేసింది.

"కొంచెం పక్కకు జరుగుతారా అమ్మా, బండి లోపలికి తిప్పాలి," అన్నాడు వ్యాను డ్రైవరు.

"ఇదీ బండే నాయనా. నీ బండే వెనక్కి తిప్పుకో."

మరిది పరుగున వచ్చాడు. "వదినగారూ, వీధిలో అందరూ చూస్తున్నారు..."

"చూడనీ. నే చెప్పిన రంగు ఏది?"

అతను వంగి ఆమెకు మాత్రమే వినబడేలా చెప్పాడు. "రంగు సంగతి కాదు. ఎర్రదే కావాలని మీరు పట్టుబడతారు, బూడిదది చూసి కోపంతో అసలు అరుగే వద్దంటారనుకున్నా. అరుగు వేస్తే మీరొక్కరే బయటికి పోతారు. మేమిద్దరం పనికి పోయాక పడిపోతే ఎవరు లేపుతారు?"

ఇంతసేపూ బిగిసి ఉన్న ఆమె ముఖం మెత్తబడింది. కుర్చీ మాత్రం కదల్లేదు.

"పడితే పడతాను. రోడ్డెక్కిన వాళ్ళెవరైనా పడకుండా ఉంటారని రాసిచ్చారా? పడ్డాక వచ్చి లేపు, వద్దనను. పడతానేమోనని ముందే కూర్చోబెట్టకు."

మరిది తనే వ్యాను దగ్గరికి పోయి, "వెనక్కి తీసుకుపోండి. పొరపాటు నాదే," అన్నాడు.

ఈసారి ముదురు ఎరుపువే వచ్చాయి. వడ్రంగి వంటగది గుమ్మం నుంచి నిలువుగా పలకలు పరచబోతే ఆపించింది, సందుల్లో సన్న చక్రం ఇరుక్కుంటుందని. అడ్డంగా వేశాడు. మరిది అడగకుండానే అరుగు అంచుల వెంట చక్రం జారకుండా చిన్న అడ్డుపట్టీ బిగించాడు. అది తనను నమ్మకపోవడం అవునో కాదో ఆమె కాసేపు ఆలోచించి, ఉండనిచ్చింది. మొదటి మధ్యాహ్నమే చెల్లెలు చెప్పులు మరిచి అరుగెక్కి, కాలే పెనం మీద పడ్డట్టు ఎగిరి గంతేసి లోపలికొచ్చింది. స్టీరింగక్క కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. చెల్లెలి చేత తిట్లు తిన్నాక కూడా నవ్వు ఆపుకోలేకపోయింది.

ఆ తరవాత తొలి వాన ఒక సాయంత్రం పట్టుకుంది. స్టీరింగక్క అరుగు చివర ఉంది. తడిసి ముద్దయింది, నెత్తిమీదనుంచి నీళ్ళు కారుతున్నాయి.

"అక్కా, లోపలికి రావే! జలుబు చేస్తుంది!" అని చెల్లెలు గుమ్మంలోంచి అరిచింది.

"నే రాను. నువ్వా తలుపు మూసుకో, వంటగదిలోకి జల్లు కొడుతోంది," అని అంతకంటే గట్టిగా అరిచి, చక్రాలు ఇంకాస్త ముందుకు తోసుకుంది.