దీపం లేపినట్టు

నా చిన్నప్పుడు, మా బాపు నడుము దెబ్బతిని మంచాన పడిన ఏడాది, కుండలిని అనే మాట మొదటిసారి విన్నాను.

అప్పటికి గోదావరిఖని ఇంత ఊరు కాదు. గనులు ఒకటొకటిగా తెరుస్తున్నారు. పల్లెల నుంచి పనికొచ్చిన వాళ్లమంతా రేకుల కప్పు కింద వరుస గదుల్లో ఉండేవాళ్లం. మా బాపు గనిలో సర్దార్. బొగ్గు కొట్టే చోటికి అందరికంటే ముందు తను వెళ్లి, పైకప్పు గట్టిగా ఉందో లేదో, మండే గ్యాసు చేరిందో లేదో చూసి, ఆ తర్వాతే మిగతావాళ్లను రానిచ్చే మనిషి. ఒకనాడు ఆ కప్పే పెళ్లగా ఊడి ఆయన నడుము మీద పడింది. కొన్నాళ్లకు దవాఖాన నుంచి ఇంటికి తెచ్చి పడుకోబెట్టారు. మళ్లీ లేచి నడుస్తాడో లేదో డాక్టరు చెప్పలేదు. మా అమ్మ అడగలేదు.

మా బాపు బోధ తీసుకున్నవాడు. అంటే, గురువు దగ్గర ఉపదేశం పొంది, రోజూ షిఫ్టుకు పోయే ముందు గొంగడి మీద కళ్లు మూసుకుని కూర్చునేవాడు. ఆ గురువు చూడటానికి వచ్చి మంచం పక్కన కూర్చున్నప్పుడు నేను గడప మీద ఉన్నాను. వెన్నెముక మొదట్లో, మూలాధారమనే చోట, ఒక శక్తి చుట్ట చుట్టుకున్న పాములా నిద్రపోతూ ఉంటుందట. అదే కుండలిని. సాధనతో అది మేలుకుని, బొడ్డు దగ్గర, గుండె దగ్గర, గొంతులో, కనుబొమల నడుమ ఉన్న చక్రాలను దాటుకుంటూ నడినెత్తిన సహస్రారం చేరుతుందట. ఆయన బాపు మనసు నిలపడానికి చెప్పిన మాటలవి. నాకు మాత్రం వైద్యంలా వినబడ్డాయి. దెబ్బ తగిలింది నడుముకే, పాము ఉన్నదీ అక్కడే. నాలో ఉన్నదాన్ని లేపుకుని, ఆ శక్తితో బాపు నడుము ముట్టుకుంటే, ఆయన లేచి నిలబడతాడు. ఇంక నాకు వేరే ఆలోచన లేదు.

ఎలా లేపాలి? కింద ఉన్నదాన్ని పైకి తేవడమంటే గని పిల్లలకు తెలిసింది ఒక్కటే. బొగ్గు నింపిన టబ్బులను, అంటే పట్టాల మీది ఇనుప బండ్లను, ఇంజను ఇనుప తాడుతో ఏటవాలు దారిలో పైకి గుంజుతుంది. నా వెన్నెముక ఆ దారి అనుకున్నాను. పాము తాడు. ఊపిరి ఇంజను. ఇంటి వెనుక పొయ్యి బొగ్గు కుప్ప పక్కన కూర్చుని, ముక్కు మూసి, పొట్ట బిగించి, ఊపిరిని పైకి గుంజాను. చెవుల్లో హోరు లేచింది. తాడు కదిలిందని సంబరపడి ఇంకా గుంజాను. ఆ తర్వాత వినబడింది అమ్మ అరుపే. బొగ్గుల మీద బోర్లా పడి ఉన్నాను. ముక్కు నుంచి రక్తం కారుతోంది.

అమ్మ నన్ను మంచం దగ్గరికి ఈడ్చుకొచ్చింది. "సూడు నీ కొడుకు పని! ఇంట్ల ఒక్కలు పండుకుంటె సాలదా?" అని ఏడ్చింది.

ఎందుకు చేశావని బాపు అడిగితే తాడు సంగతంతా చెప్పాను. ఆయన నవ్వాడు. నవ్వితే నడుము సలుపుతుంది, అయినా పళ్లు బిగించుకుని మరీ నవ్వాడు.

"టబ్బులను గట్ల గుంజితె ఏమయితది బిడ్డా?"

"పట్టాలు తప్పుతయి."

"మరి? పండుకున్న పామును పొడిచి లేపెటోడు ఉంటడారా?"

పొద్దు గూకుతోంది. కిరసనాయిలు బుడ్డి ముట్టించి నా చేతికిమ్మని అమ్మతో అన్నాడు. గనిలో గ్యాసు చూసేటప్పుడు జాలీ బిగించిన దీపాన్ని నేల నుంచి కప్పు దాకా ఎలా లేపుతారో అలా లేపమన్నాడు. "మంట వంగొద్దు" అన్నాడు. నేను చప్పున లేపాను. ఆరిపోయింది. అమ్మ మళ్లీ ముట్టించింది. మళ్లీ ఆరింది.

"ఎవలు తరుముతున్నరు నిన్ను?" అన్నాడు బాపు.

గ్యాసు ఉంటే గని దీపంలో మంట మీద నీలి రంగు తేలుతుందని, విసురుగా లేపితే ఆ కబురు కంటికి అందదని, వెనుక వచ్చేవాళ్ల ప్రాణాలు ఆ కబురు మీదే ఉంటాయని చెప్పాడు. ఈసారి మంట మీదే చూపు నిలిపి, చెయ్యి కదులుతోందో లేదో నాకే తెలియనంత మెల్లగా లేపాను. నా చెయ్యి అందినంత ఎత్తుకు పోయింది. మంట నిలువుగా ఉంది.

"ఇప్పుడు నీ ఊపిరి ఎట్లున్నదో సూస్కో."

చూసుకున్నాను. నేనేమీ చేయకుండానే అది సన్నగా, నెమ్మదిగా ఆడుతోంది. పక్కన అమ్మ ఏడుపు కూడా ఎప్పుడు ఆగిందో ఆగింది.

"గిదే. ముందుగాల గింతే నేర్సుకో."

ఆనాటి నుంచి రోజూ సందెవేళ ఆయన పడుకునే, నేను మంచం పక్కన గొంగడి మీద కూర్చుని సాధన చేశాం. వెన్ను నిలువుగా ఉండాలి, బిగుసుకోకూడదు. కళ్లు మూసి, మనసును మూలాధారం దగ్గర ఉంచాలి. ఊపిరి లోపలికి వచ్చేటప్పుడు 'సో' అని, పోయేటప్పుడు 'హం' అని లోలోపల అనుకోవాలి. ఊపిరిని పట్టి ఆపకూడదు. మనసు ఎటైనా పోతే తిట్టకుండా తీసుకొచ్చి మళ్లీ అక్కడే కూర్చోబెట్టాలి. పెద్దయ్యాక యోగం మీద చేతికి దొరికిన పుస్తకమల్లా నాకై నేను చదువుకున్నాను. పేర్లు ఎక్కువ తెలిశాయి కాని, మొదటి మెట్టు ఇంతకంటే వేరే కనబడలేదు.

పాము లేచిందా అని నేను అడుగుతూనే ఉండేవాణ్ణి. "లేసుడు దాని పని. తొవ్వ సాపుగ ఉంచుడు మన డ్యూటీ" అనేవాడు. "మరి నువ్వు లేస్తవా బాపూ?" అని ఒకసారి అడిగాను. "లేస్తె లేస్త. లేవకుంటె గిట్లనే ఉంట. ఫికర్ చేసుడైతె బంద్ చేసిన" అన్నాడు.

వానాకాలం పోయాక గోడ పట్టుకుని లేచాడు. సాధన వల్లే లేచాడని నేను అనను. దవాఖాన మందులున్నాయి, అమ్మ కాపడం ఉంది. మళ్లీ గనిలోకి దిగలేదు. పైన దీపాల గదిలో, దిగేవాళ్లకు దీపాలిచ్చే పనిలో పెట్టారు.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. తెలంగాణ కోసం సమ్మెలు నడుస్తున్న ఈ రోజుల్లోనే మా కాలనీ హాలుకు కుండలిని శిబిరం ఒకటి వచ్చింది. వారంలో మేలుకొలుపు అని బ్యానరు కట్టారు. పోయి చూశాను. మైకులో "ఇంకా, ఇంకా" అని అరుస్తుంటే పిల్లలు కొలిమి తిత్తుల్లా ఊపిరి కొడుతున్నారు. ఒక ఆడపిల్ల కళ్లు తేలేసి ఒరిగిపోయింది. శక్తి లేస్తోందన్నారు, చప్పట్లు కొట్టారు! నా ఒళ్లు మండిపోయింది. లేచి, ముందు ఆ పిల్లకు గాలి తగలనియ్యమన్నాను.

మైకు పట్టుకున్నతను "మీకు ఈ అనుభవం ఉందా తాతగారూ?" అన్నాడు.

"ఉన్నది బిడ్డా. ముక్కుల రక్తం వచ్చేదాంక ఉన్నది" అన్నాను.

ఆ పిల్ల లేచి నీళ్లు తాగేదాకా ఉండి ఇంటికొచ్చాను. కోపం దిగలేదు. గొంగడి మీద కూర్చుంటే నా ఊపిరి కూడా ఆ హాలులో పిల్లల ఊపిరిలాగే కొట్టుకుంటోంది. ఇన్నేళ్ల సాధన తర్వాత కూడా మంట వంగుతూనే ఉంటుంది, దాచడమెందుకు. అలా వంగినప్పుడల్లా ఆ నులక మంచం మీది నుంచి మా బాపు అడుగుతాడు, ఎవలు తరుముతున్నరు నిన్ను, అని. ఎవరూ లేరు బాపూ అనుకుంటాను. చెయ్యి మెల్లబడుతుంది.