బాక్సింగు మునిరత్నం గెలవాల్సిన సాయంత్రం

“ఈ బిడ్డ ఇంక నడవదేమో వసంతా!”

మాట బయటికి వచ్చాక గానీ దొరస్వామికి తెలియలేదు, అది ఇన్నాళ్ళూ తన గొంతులోనే కూర్చుని ఉందని. చేటలో బియ్యం ఏరుతున్న వసంతమ్మ చేతులు ఆగిపోయాయి. పదిహేడు నెలల తాయమ్మ, నాయనమ్మ పేరు పెట్టుకున్న పిల్ల, నేల మీద కూర్చున్నది కూర్చున్నట్టే జరుక్కుంటూ వచ్చి చేట అంచు పట్టుకుంది.

“డాక్టరు ఏమన్నాడు? ఇట్లా కూర్చునే జరిగే పిల్లలు ఆలస్యంగా నడుస్తారు, ఒంట్లో లోపమేమీ లేదు, ఇరవై నెలల దాకా చూద్దాం అన్నాడు గదా!” అంది వసంతమ్మ.

“అన్నాడు.”

“మరి?”

దొరస్వామి పిల్లను చేట దగ్గర నుంచి ఎత్తి ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు. మదరాసులో ఫిజిక్సు చదివి వచ్చి తిరుపతిలో ఒక హైస్కూల్లో సైన్సు చెబుతున్నాడు. పిల్ల పుట్టినప్పటి నుంచి బరువూ ఎత్తూ గళ్ళ కాగితం మీద చుక్కలు పెట్టి గీత కలుపుతున్నాడు. చుక్కలన్నీ బుద్ధిగా పైకే పోతున్నాయి. నడక ఒక్కటే ఆ కాగితంలోకి రానంటోంది. అందుకని రెండు నెలలుగా పొద్దున అరగంట, సాయంత్రం అరగంట పిల్లను గోడకు ఆనించి నిలబెడుతున్నాడు, చేతిలో గడియారం పెట్టుకుని. వడ్రంగి చేత మూడు చక్రాల నడకబండి చేయించాడు. అదీ పనిచేయకపోయేసరికి, న్యూటను సూత్రాలు చెప్పే నోటితోనే కొండకు మొక్కుకున్నాడు. తాయి నడిస్తే దాన్ని గుండెకు కట్టుకుని, తిరుమల మెట్లదారిలోని మోకాళ్ళ మిట్ట మోకాళ్ళ మీద ఎక్కుతానని.

“ఆ మొక్కు ఈ ఆదివారం తీర్చేసి వస్తా,” అన్నాడు.

“నడిచినాక గదా తీర్చాల్సింది?”

“ముందే తీరిస్తే తప్పేముంది?”

వసంతమ్మ మళ్ళీ చేట అందుకుంది. తర్వాత, పిల్లకు నీళ్ళు పోయడానికి రోజూ వచ్చే గంగులమ్మతో ఈ సంగతి చెప్పింది. ఆమె, “ఆదివారం మావోనికి డూటీ లేదు తల్లీ. బిడ్డను ఎత్తుకోడానికి తోడు పంపిస్తా. వాడు పోతేనే బాగుంటాది,” అంది. వాడే ఎందుకో చెప్పలేదు.

గంగులమ్మ కొడుకు మునిరత్నం. తిరుపతిలో ఆ పేరుగలవాళ్ళు వీధికి ఇద్దరుంటారు కాబట్టి ఇతన్ని బాక్సింగు మునిరత్నం అంటారు. ఏర్పేడు దగ్గర పల్లె వాళ్ళది. తండ్రి పెంచలయ్య పోయాక, పదహారో ఏట రేణిగుంటలో రైలింజన్లకు బొగ్గు ఎత్తే పనిలో చేరాడు. తల మీద బొగ్గు గంపతో వాలు పలక మీద పరుగెత్తుకుంటూ పోయేవాడు. ఇరవై రెండో ఏట సరదాకి పార్సెళ్ళ తక్కెడ మీద నిలబెడితే నూటతొంభై పౌండ్లు తూగాడు. ఆ మాట మెయిలు డ్రైవరు విల్మాట్ దొర చెవిన పడింది. రైలు వాళ్ళు ఏటా డిసెంబరులో పెట్టే బాక్సింగు పోటీల్లో హెవీవెయిట్ కప్పు అప్పటికి పదకొండేళ్ళుగా ఆ దొర ఇంట్లోనే ఉంది. వయసు నలభై దాటింది. సాధన చేయడానికి తనంత బరువు మనిషి దొరకడం లేదు. బొగ్గు మసి కడుక్కురమ్మని మునిరత్నం చేతులకు ఆయనే గ్లవుజులు తొడిగాడు. మొదటి మూడు నెలలూ దెబ్బలు తినడమే పని. తర్వాత తప్పించుకోవడం వచ్చింది. ఆ తర్వాత కొట్టడం వచ్చింది.

ఆదివారం తెల్లవారి అలిపిరిలో మెట్లెక్కడం మొదలుపెట్టారు. మునిరత్నం భుజం మీద తాయమ్మ, దొరస్వామి చేతిలో మోకాళ్ళకు చుట్టుకోవడానికి రెండు పాత గుడ్డలు. తాయి మునిరత్నం జుట్టు పిడికిట్లో పట్టుకుని హాయిగా కూర్చుంది. గాలిగోపురం చేరేసరికి దొరస్వామికి ఆయాసం వచ్చింది. అక్కడ మజ్జిగ అమ్మే ఏకాంబరం దూరం నుంచే కేక పెట్టాడు.

“ఏం బాక్సింగూ! దొరను ఎప్పుడు కొడతావప్పా?”

“దొర ఓడెక్కి సీమకు పాయ గదా! ఈదుకుంటా పొయ్యి కొట్టి రమ్మంటావా?”

“పంతొమ్మిదొందల నలభై అయిదులో పందెం అడిగింటే కొట్టేసి ఉందువు. నేను అప్పుడే సెప్పినా.”

“నువ్వు సెప్పింది మజ్జిగలో ఉప్పు సాలిందా అని. పొయ్యి, ఒక ముంత తే.”

దొరస్వామికి ఈ లెక్క ఆసక్తిగా తోచింది. పుల్ల తీసుకుని దుమ్ములో రెండు గీతలు గీశాడు. ఒకటి కిందికి దిగుతున్నది, ఒకటి పైకి ఎక్కుతున్నది.

“ఇది దొర వయసు మీద పడటం. ఇది నీ సత్తువ. ఇవి రెండూ ఎక్కడో ఒకచోట కలుస్తాయి. కలిసిన చోటు దాటితే నువ్వు ఏ రోజు దిగినా గెలవాలి. అది ఏకాంబరం చెప్పినట్టు నలభై అయిదు కావచ్చు.”

మునిరత్నం వంగి చూశాడు. “కాయితం మీదైతే నేనే గెలిచేసినా అయివారూ,” అని నవ్వాడు. “అసలైందానికి దినమూ పొద్దూ నాకు తెలుసు. నలభై ఆరు డిసెంబరులో, పందేనికి పదైదు దినాల ముందర, శుక్రవారం సాయంత్రం. బొగ్గు షెడ్డు ఎనకాల.”

“ఆ రోజు కొట్టావా?”

“పదండి, నడస్తా సెప్తా.”

గాలిగోపురం దాటాక దారి చదునుగా అడవిలో పోతుంది. మునిరత్నం తాయిని ఒక భుజం నుంచి మరో భుజానికి మార్చుకుని చెప్పాడు. ఆ సాయంత్రం ఇద్దరూ మామూలుగా సాధన చేస్తున్నారు. దొర ఎడమ చెయ్యి దవడ దగ్గర ఉండాల్సింది, అలిసినప్పుడల్లా జానెడు కిందికి దిగుతోంది. ఊపిరి నోటితో తీసుకుంటున్నాడు. మూడేళ్ళుగా ఎదురుగా నిలబడి చూస్తున్న మనిషిలో అది మునిరత్నానికి మొదటిసారి కనబడింది. అడుగు ముందుకేసి కుడిచెయ్యి ఎత్తాడు. దవడ అక్కడే ఉంది.

“కొట్టలేదా?” అన్నాడు దొరస్వామి.

“ఎట్ల కొట్టేది? నేర్పిన మనిషి. ఆడేమన్నా పందెమా? సెయ్యి దించేసినా. దొరకు తెలిసిపాయ. ‘పదైదు దినాలు ఆగు, అప్పుడు కొట్టు’ అన్న్యాడు. నవ్వతానే అన్న్యాడు. ఆపొద్దు ఇంటికి వచ్చినాను సూడండి, ఆడ మొదలాయ.”

“ఏం మొదలైంది?”

“భయం. అంతవరకూ నాకు భయమంటే తెలీదు సామీ. ఓడిపోయేవానికి భయమెందుకు? గెలస్తానని తెలిసినంకనే అది పట్టుకునె. యాడ తప్పిపోతాదో, యాడ జారిపోతాదో అని. ఇంగ కుదురుగా కూసోలేకపాయ. ఒగపూట పరుగెత్తేవాణ్ణి రెండు పూట్లా పరుగెత్తితి. మా యమ్మ అన్నం పెడితే సగం తిని లేస్తి. కడాకు, గెలిస్తే మోకాళ్ళ మిట్ట మోకాళ్ళ మీద ఎక్కుతానని మొక్కుకున్యా.”

దొరస్వామి నడక నెమ్మదించింది.

“గెలిస్తే, అనే గదా?” అన్నాడు.

“గెలిస్తేనే. అయితే శనివారం పందెమనంగా, శుక్రవారం పొద్దున్నే వచ్చి ఎక్కేస్తి. ముందే ఇచ్చేస్తే ఆయన కాదనలేడు గదా అని. గుండు గూడా కొట్టించుకుంటి. మా యమ్మ వాకిట్లో నా గుండు సూసి నెత్తి కొట్టుకునె. ‘ఒరే, ఇంగా పెండ్లి కాకముందే బారసాల సేసి వచ్చినావా!’ అనె.”

చెబుతూ చెబుతూ మునిరత్నం పడీపడీ నవ్వాడు. భుజం మీద తాయి కూడా ఎందుకో తెలియకుండానే నవ్వింది. దొరస్వామి నవ్వలేకపోయాడు.

శనివారం పందెం మూడు రౌండ్లు. గుండు చూసి జనం ఈలలు వేశారు. మొదటి రౌండు సమానంగా పోయింది. రెండోదాంట్లోనే దొరకు ఊపిరి ఆడలేదు. మూడోదాంట్లో ఎడమ చెయ్యి మళ్ళీ జానెడు దిగింది.

“కన్ను సూసె. సెయ్యి లేసె. కాలు రాలే,” అన్నాడు మునిరత్నం. “ఒక్క అడుగు అయివారూ. ముందరికి ఒక్క అడుగు పడాల. మోకాళ్ళు రెండూ కుండల మాదిరి వాచి ఉండాయి. నా గుద్దు గాల్లో పాయ. దొర పాయింట్ల మీద గెలిచినాడు. అయినంక నన్ను పట్టుకోని, ‘కాళ్ళు యాడ పెట్టేసి వచ్చినావురా?’ అన్న్యాడు. కొండ మింద పెట్టేసి వచ్చినా దొరా, అంటి. ఆయన నవ్వలే. ‘వచ్చే ఏడు రా, నేను ఇంగా ముసిలోన్ని అయ్యుంటా’ అన్న్యాడు. వచ్చే ఏడు యాడిది? స్వాతంత్ర్యం వచ్చె, దొర కుటుంబంతో ఓడెక్కి పాయ. ఆ మాటు కప్పు ఎవురో అరక్కోణం ఆయన ఎత్తుకోనిపాయ. నేను దిగనే లేదు.”

“ఎందుకు దిగలేదు?”

“దొర లేని కప్పు నాకెందుకు?” అన్నాడు మునిరత్నం. ఇప్పుడతను ఇంజను మీద ఫైర్‌మన్. గ్లవుజులు వాళ్ళమ్మ దూలానికి తగిలించింది. దొరస్వామి అతని ముఖంలోకి చూశాడు. మనిషి బాధగా కనబడలేదు. ఏదో తెలిసినవాడిలా ఉన్నాడంతే.

మోకాళ్ళ మిట్ట కింద మెట్టు మీద ఆగారు. పైన నిట్టనిలువుగా మెట్లు. ఇద్దరు ఆడవాళ్ళు అప్పటికే గోవిందా అంటూ మోకాళ్ళ మీద పాకుతున్నారు. దొరస్వామి కూర్చుని మోకాళ్ళకు గుడ్డలు చుట్టుకోవడం మొదలుపెట్టాడు. భుజం నొప్పి పుట్టి మునిరత్నం తాయిని కిందికి దించాడు. చంకల కింద చేతులు వేసి నిలబెట్టబోయాడు. పాదం రాయికి తగలగానే పిల్ల కాళ్ళు రెండూ కడుపులోకి ముడిచేసుకుంది. మళ్ళీ దించితే మళ్ళీ ముడిచింది. మూడోసారి ఏడుపు అందుకుంది.

“ఏంది అయివారూ? కూసుంటే బంగారు మాదిరి ఉండాదే, నేల తగిలితే నిప్పులు తొక్కినట్టు సేస్తాందేందీ? ఇంట్లో ఈ బిడ్డను ఏం సేస్తాండారు?”

దొరస్వామి చెప్పాడు. గోడ, గడియారం, పొద్దున అరగంట, సాయంత్రం అరగంట, ఏడ్చినా సరే.

“గంటసేపా దినానికి!” అన్నాడు మునిరత్నం. “మా దొర నాకే అంత కసరత్తు పెట్టలేదు సామీ! పందేనికేమన్నా దించుతాండారా?”

అతనూ ఈసారి నవ్వలేదు. పిల్లను తిరిగి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఆ చిన్న పాదాన్ని అరచేతిలో పట్టుకున్నాడు. బొగ్గు గంపలు ఎత్తిన చెయ్యి. తాయి కాసేపటికి ఏడుపు మాని, ఆ అరచేతిని కాలితో తోసింది. మునిరత్నం కొంచెం వెనక్కి తీసినట్టు తీసి మళ్ళీ పెట్టాడు. తాయి మళ్ళీ తోసింది, ఈసారి గట్టిగా.

“కాల్లో సత్తువ ఉండాది. సూడండి, ఎట్ల తంతాందో,” అన్నాడు. “దీనికి కాలు లేక కాదు, నేలంటే భయం. ఈ భయం దానిది గాదు, మీది. దానికి అంటించినారు.”

దొరస్వామి తల వంచుకున్నాడు. రెండు నెలల్లో ప్రతి పూటా తను చూసింది గడియారం ముల్లునే. ఆ అరగంటలో పిల్ల కాళ్ళు ఏం చేస్తున్నాయో ఒక్కసారీ చూడలేదు. ప్రయోగశాలలో పిల్లలకు మొదటిరోజే చెప్పే పాఠం: ముందు చూడు, తర్వాత చెయ్యి పెట్టు. ఆ పాఠం చెప్పేవాడే ఇంట్లో దాన్ని తిరగేశాడు.

మోకాళ్ళ గుడ్డలు విప్పేశాడు.

“మొక్కో?” అన్నాడు మునిరత్నం.

“నడిస్తే, అన్నాను గదా. నడిచినాకే వస్తా.”

“ఇది మాట. పదండి, కాళ్ళ మీదనే ఎక్కుదాం.”

అందరిలాగే కాళ్ళ మీద ఎక్కారు, దర్శనం చేసుకున్నారు, పొద్దు వాలే వేళకు దిగివచ్చారు. అలిపిరిలో జట్కా కోసం నిలబడ్డప్పుడు దొరస్వామి అడిగాడు, “ఇప్పుడు ధైర్యంగానే ఉంది మునిరత్నం. రేపు పక్కింటి పిల్ల పరుగెత్తుతుంటే మళ్ళీ ఆ భయం వస్తుంది. అప్పుడేం చెయ్యాలి?” మునిరత్నం నిద్రపోతున్న తాయిని తండ్రి చేతికి అందించి, తలపాగా దులిపి కట్టుకుని, అప్పుడు చెప్పాడు.

ఆ మర్నాడే నడకబండి అటకెక్కింది. గోడ దగ్గర నిలబెట్టడం ఆగిపోయింది. కొండకు పోయి వచ్చి నెలన్నర కావస్తోంది, ఇరవై నెలల గడువుకు ఇంకా ఆరు వారాలుంది. అప్పటికీ నడవకపోతే డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలని అనుకున్నారు, భార్యాభర్తలిద్దరూ కలిసి, పగటిపూట, అన్నాలు తిన్నాక. తాయి ఇంకా నడవలేదు. నిన్న గంగులమ్మ నీళ్ళు పోసి దించుతుంటే మాత్రం పాదాలు రెండూ నేలకు ఆనించి ఒక్క నిమిషం ఊగింది. దొరస్వామి వాకిట్లో నుంచి చూశాడు, దగ్గరికి పోలేదు. భయం వస్తూనే ఉంటుంది, వారంలో మూడునాలుగు రోజులు. వచ్చిన రోజు పిల్ల పక్కన చాప వేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాడు. అలిపిరిలో మునిరత్నం చెప్పింది అదే:

“భయమేసిన దినం బిడ్డతో ఏ పనీ సేయించబాకండి అయివారూ. సాప ఏసుకోని పక్కన కూసోండి, ఆ బిడ్డ ఏం సేస్తాందో సూడండి. తెల్లారి నిద్ర లేసినంక గూడా మీరనుకున్న పని సెయ్యాల్సిందే అనిపిస్తే, అప్పుడు సెయ్యండి.”