బావ తెచ్చిన అడాప్టర్ కార్డు

మొన్న శ్రీకాకుళంలో పాత ఇనప సామాన్ల కొట్టు ముందు ఆటో ఆగినప్పుడు, బొటనవేలంత లావు బూడిదరంగు కేబుల్ చుట్ట ఒకటి కంటపడింది. అలాంటి కేబుల్‌ని ఒకప్పుడు మా బావ చేతుల్లో చూశాను. మా అక్క భర్త ఆయన. విజయనగరం అవతల ఒక కర్మాగారంలో, మెయిన్‌ఫ్రేమ్ అనే బీరువాలాంటి పాత కంప్యూటర్‌ని చూసుకునేవాడు. దాని గది ఎప్పుడూ చల్లగా ఉండాలి గనక, మండువేసవిలో కూడా స్వెటర్ చంకన పెట్టుకుని డ్యూటీకి వెళ్ళేవాడు. బస్సులో జనం వింతగా చూసేవారు. ఆ గది గోడకి అవతలే మా అన్న కొలిమి దగ్గర చెమటలు కక్కుతూ పనిచేసేవాడు. స్మార్ట్‌ఫోన్లు మా వైపు అప్పుడప్పుడే వస్తున్న రోజులవి.

అన్నకి దగ్గు పట్టుకుంది. కొలిమి దుమ్ము వల్లే వచ్చిందని రుజువుంటే తప్ప వైద్యం తమ పూచీ కాదన్నారు కర్మాగారం వాళ్ళు. కార్మికులకి ఏటేటా తీసిన ఛాతీ ఎక్స్‌రేల రిపోర్టులన్నీ బావ చూసే మెయిన్‌ఫ్రేమ్‌లోనే ఉన్నాయి. ఆ నెలాఖరుకి దాన్ని తీసేస్తారట. సరిగ్గా అప్పుడే పిడుగుపడి అడాప్టర్ కార్డు కాలిపోయింది. ఆ పాత కంప్యూటర్‌కీ, ఆఫీసు కంప్యూటర్లని కలిపే రౌటర్‌కీ మధ్య దుబాసీలాంటిది ఆ కార్డు.

"ఇది నేకపోతే లోపలున్న ముక్క ఒక్కటీ బైటికి రాదురా," అన్నాడు బావ. పారేసే మిషన్‌కి కొత్త కార్డెందుకన్నారు పైవాళ్ళు.

బావ సెలవు పెట్టి విశాఖపట్నంలో పాత కంప్యూటర్ సామాన్ల కొట్లన్నీ తిరిగాడు. మూడోరోజు దొరికింది. తువ్వాల్లో చుట్టి, పసిబిడ్డని తెచ్చినట్టు బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. మర్నాడు దాన్ని రౌటర్‌లో బిగించి, ఆ లావు కేబుల్‌తో మెయిన్‌ఫ్రేమ్‌కి కలిపి, మధ్యాహ్నానికల్లా అన్న రిపోర్టులు పట్టుకుని మా ఇంటికొచ్చాడు. కానీ గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఏటైంది బావా?" అన్నాను.

"ఆరేళ్ళ కిందటే రాసుందిరా. ఊపిరితిత్తుల్లో మచ్చుంది, కొలిమి పని మాన్పించాలి అని. మనకెవుడూ సెప్పనేదు." కాగితాలు నా చేతిలో పెట్టి అన్నాడు, "ఆరేళ్ళూ దాని పక్కనే కూకున్నాన్రా నేను."

అన్న మంచం మీంచి విన్నాడు. "అప్పుడే సెప్పుంటే మానేద్దును," అని అటు తిరిగి పడుకున్నాడు.

ఆ కాగితాలు చూశాక కర్మాగారం వాళ్ళే వైద్యం చేయించారు. ఆ తర్వాత అన్న రెండు నెలలే బతికాడు. రిపోర్టుల్లో అదే మాట రాసున్న మరి పదకొండుమంది ఇళ్ళకీ బావ స్వయంగా వెళ్ళి చెప్పొచ్చాడు. అలా తిరిగిన వారంలో ఆయన ఇంట్లో సరిగా అన్నం తిన్నది లేదని అక్క ఇప్పటికీ అంటుంది.

ఆ ఆరేళ్ళలోనే నా పెళ్ళయింది, అన్నకి కూతురు పుట్టింది, అందరం కలిసి శ్రీముఖలింగం వెళ్ళి వంశధారలో స్నానాలు చేశాం. ఇప్పుడు ఏ సంతోషం గుర్తొచ్చినా, అది రిపోర్టులో ఆ మాట రాయకముందుదా, రాసిన తర్వాతదా అని వెతుక్కోవడం అలవాటైపోయింది.