అండీలు లేని ఊరు

విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర చేనేత చీరల కొట్లో సాంబమూర్తిగారు చీరలు చూపించేవారు. నేను అక్కడే ఓ మూల కూర్చుని ఫాల్స్ కుట్టేదాన్ని. ఆయన నోట ‘అండీ’ లేని మాట వచ్చేది కాదు. ఓసారి మెట్ల కింద పడుకున్న గేదెను కూడా ‘కాస్త జరగండి’ అన్నారు. నవ్వాపుకోలేక సూది వేలికి గుచ్చుకున్నాను.

అలాంటి మనిషి 1996లో ఒక వారపత్రిక పోటీకి కథ మొదలుపెట్టారు. మీరు, గారు, అండీ అనే మాటలే పుట్టని ఊరి కథ. చీర మడతల్లోని అట్టల మీద రాసి, గిరాకీ లేనప్పుడు నాకు వినిపించేవారు. మార్చింది ఆ ఒక్కటే, మిగతాదంతా దాన్నిబట్టే నడవాలని ఆయన పట్టు. ఆ ఊళ్ళో జడ్జినీ దొంగ ‘నువ్వు’ అనే అంటాడు. శుభలేఖ సగం కాగితంలో అయిపోతుంది. పెద్దలకు మర్యాద చూపాలంటే కాసేపు ఆగి జవాబివ్వాలి. దాంతో వియ్యంకులిద్దరూ పలకరించుకునేసరికి భోజనాలు చల్లారిపోతాయి.

నా నోరు ఊరుకోదుగా. ఏమండీ అనే మాటే లేనప్పుడు అక్కడ భార్య మొగుణ్ణి ఏమని పిలుస్తుందని అడిగాను. ఆయన కలం ఆగిపోయింది. పేరు పెట్టే పిలవాలి. ఆ పిలుపు ఎలా ఉంటుందో ఆయన ఎన్నడూ వినలేదు. గడువు ఇంకో రెండు రోజులే.

మర్నాడు ఆయన భార్య భద్రమ్మగారు క్యారియర్ తెచ్చారు. విషయం చెప్పి, ఒక్కసారి పేరు పెట్టి పిలవమని ఆయన బతిమాలారు. ఆవిడ చీరల బొత్తి వైపు తిరిగి, మెల్లగా అన్నారు:

“సాంబమూర్తీ, అన్నానికి రా.”

ఆయన గబుక్కున లేచి, “ఆఁ, వస్తున్నానండీ,” అన్నారు.

కొట్లో అందరం నవ్వేశాం. భద్రమ్మగారు మాత్రం నవ్వలేదు.

“గేదెను కూడా అండీ అంటారటగా. నన్ను అనడానికి ఇరవై రెండేళ్ళు పట్టింది మీకు. నేనున్నది మొదట్నించీ మీ కథలోని ఊళ్ళోనేనండీ.”

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అన్నం తిన్నాక అట్ట ముందేసుకున్నారు. ఒక్క అండీ ఉంచినా ఊరంతా కూలిపోతుందని నాతో గొణిగారు. కూలితే కూలనివ్వండి అన్నాను.

భార్య పేరు పెట్టి పిలిచింది, మొగుడు ‘వస్తున్నానండీ’ అన్నాడు అని రాసి, ఆ సాయంత్రమే కథ పోస్టులో వేశారు.