ముదీర్ గుమ్మంలో జిల్లేడు

కవితలో చెట్టో పువ్వో కనబడితే చాలు, 'ప్రకృతి ప్రేమ' అని రాసేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. రెండేళ్ల కిందటిదాకా నేనూ వాళ్లలో ఒకణ్ణే.

అప్పుడు గల్ఫ్‌లో, దుబాయి నుంచి రాస్ అల్ ఖైమా వెళ్లే బస్సులో పాత చైనా కవితల తెలుగు పుస్తకం చదువుతున్నాను. సువాసన మొక్కల్ని పీకి పారేసి కలుపుకు నీళ్లు పోస్తున్నారని ఓ కవి వాపోతున్నాడు. ముందుమాటలో దాన్ని ప్రకృతి ప్రేమ అన్నారు. పక్కన కూర్చున్న జగిత్యాల మనిషి రోడ్ల వెంట మొక్కలు పెంచే కూలీ. ఏం పుస్తకమని అడిగితే ఆ కవిత చదివి వినిపించాను.

"గది చెట్ల ముచ్చట కాదు సార్, రాజును తిట్టుడు!" అన్నాడు కోపంగా. "మా ఫోర్‌మన్ బంగారమసుంటి మనిషి. మిట్టమధ్యాహ్నం ఎండల పని ఆపుమన్నడు. మా ముదీర్, గదే మేనేజరు, ఆయన్ని ఖలాస్ అని ఇంటికి తోలి, తన చెంచాగాన్ని పెట్టిండు. నోరు తెరిస్తే మమ్ముల గూడ తోలుతడు. గందుకే ఎడారిలకెల్లి జిల్లేడు తెచ్చి ముదీర్ గుమ్మం ముంగట నాటినం."

'నీ ఇంట జిల్లేళ్లు మొలవ' అని మనవాళ్లు పెట్టే శాపం! నోటితో అనలేక మట్టిలో నాటారు.

"ఆయనకు తెలిసిందా?"

"యాడ తెలుస్తది? పువ్వులు మంచిగున్నయన్నడు. రోజు పొద్దుగాల నేనే నీళ్లు పోస్త. ఎండనియ్య."

ఆయన దిగిపోయాక ముందుమాటలో ఆ మాటను పెన్నుతో కొట్టేశాను. కాగితం చిరిగింది.

ప్రకృతి ప్రేమట!